ఎడమవైపు తిరగని మెడ

నా చిన్నప్పుడు మా అమ్మ మెడ తొమ్మిది రోజుల పాటు ఎడమవైపు తిరగకుండా పోయింది. నాకప్పుడు పదేళ్ళు. అలా కావడానికి సగం కారణం ఆఫీసు బల్ల, మిగతా సగం నేను. ఇన్నేళ్ళ తర్వాత ఈ మాట నెమ్మదిగా చెప్పగలుగుతున్నాను కానీ, ఆ రోజుల్లో ఎవరితోనూ అనలేకపోయాను.

మేము కోరమండల్ లైన్లలో ఉండేవాళ్ళం. బంగారు గనుల్లో పనిచేసేవాళ్ళ కోసం వరసగా కట్టిన రేకుల ఇళ్ళు అవి. ఒక గది, వెనక వంటకి చిన్న పంచ, ముందు ఒక మెట్టు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. మా నాన్న రాయిని పిండిచేసే మిల్లులో పనిచేస్తూ జ్వరంతో పోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురం: అమ్మ, నేను, నాన్నకి నాన్న అయిన మా తాతయ్య. అమ్మ ముళబాగిలులో పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. నాన్న పోయాక ఆఫీసులో ఆవిడకి టైపిస్టుగా చోటిచ్చారు. అయితే అది తాత్కాలికం. వేగం పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. రెండు అవకాశాలు ఇచ్చారు. మొదటిసారి అమ్మ కొద్దిలో తప్పింది. ఇక మిగిలింది ఒక్కటే.

ఆ ఒక్కటీ పోతే ఇల్లు ఖాళీ చేయాలి, ఎందుకంటే అది గనులవాళ్ళ ఇల్లు. ఆవని అనే పల్లె దగ్గర మా మామయ్యకి రాగి చేను, నాలుగు ఆవులు ఉన్నాయి. మామయ్య చెడ్డవాడేమీ కాదు, రమ్మనే అన్నాడు. కానీ తమ్ముడి ఇంట్లో అడిగి అన్నం తినే అక్కగా బతకడం అమ్మకి ఇష్టం లేదు. పైగా కోడలి పుట్టింటి వైపు పల్లెకి తాతయ్య రాడు. అది ఎవరూ పైకి అనలేదు కానీ ముగ్గురికీ తెలుసు.

ఆఫీసులో అమ్మ కూర్చునే బల్ల ఎత్తు, కుర్చీ పొట్టి. టైపు మిషను పాతది, ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో కొట్టాల్సిందే. చూసి కొట్టాల్సిన కాగితం ఎప్పుడూ ఎడమ పక్కన ఉంటుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా భుజాలు చెవుల దాకా ఎత్తి, మెడ ఎడమకి తిప్పి కూర్చోవడమే ఆవిడ పని. అది చాలదన్నట్టు ఇంటికి వచ్చాక కూడా ఒక చెక్క మీద సుద్దముక్కతో అక్షరాలు గళ్ళుగా రాసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఆడించేది. టక టకమని ఆ చెక్క చప్పుడు వింటూనే నేను లెక్కలు చేసుకునేదాన్ని. నొప్పి ముందు కుడి మణికట్టులో మొదలైంది. తర్వాత మోచెయ్యి, తర్వాత భుజం. చివరికి వీపు రెక్క పక్కన ఏదో ముల్లు ఇరుక్కున్నట్టు ఉందని అనేది. అన్నం వార్చేటప్పుడు ఆవిడ గిన్నెను ఎడమచేతికి మార్చుకోవడం నేను చూశాను.

ఒక ఆదివారం నాకొక ఆలోచన వచ్చింది. మా లైన్లలో షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్ళు బోర్లా పడుకుంటే, పిల్లలు వాళ్ళ నడుముల మీద ఎక్కి తొక్కడం మామూలే. నేను కూడా అమ్మ నొప్పి తీసేస్తానన్నాను. అమ్మ నవ్వి, సరే రా అని చాప మీద బోర్లా పడుకుంది. నేను నడుము మీద కూర్చుని రెండు మోచేతులూ మెడ పక్కన ఆనించి నా బరువంతా వేశాను. అమ్మ ఒకసారి చాలమ్మా అంది. మెల్లిగానే అంది. నొప్పి పుడుతోందంటే పని జరుగుతోందని నేననుకున్నాను. ఇంకా గట్టిగా నొక్కాను. నా మోచెయ్యి కింద ఏదో జారినట్టయింది. అమ్మ లేచి కూర్చుని, చాలా బాగుందని అబద్ధం చెప్పింది.

మర్నాడు పొద్దున లేచేసరికి అమ్మ మెడ బిగుసుకుపోయింది. నేను ఎడమవైపున నిలబడి పిలిస్తే తల తిప్పలేక మనిషే మొత్తం తిరిగింది, కొయ్యబొమ్మను తిప్పినట్టు. గనుల ఆసుపత్రిలో డాక్టరుగారు చేతులు పట్టి చూసి, వేళ్ళకి తిమ్మిరి ఉందా అని అడిగి, ఎముకకి ఏమీ కాలేదు, కండరం పట్టేసింది అని చెప్పారు. మాత్రలు రాసి, పది రోజులు ఆ పని మానమన్నారు. పరీక్ష పై మంగళవారం. ఆ రోజూ పరీక్ష రోజూ కలుపుకుంటే చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. అమ్మ ఆసుపత్రినుంచి నేరుగా ఆఫీసుకే వెళ్ళింది.

అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. సాయంత్రం చెక్క ఒళ్ళో పెట్టుకుని ఎడమవైపు కాగితం చూడబోయేది, పెదవి కొరుక్కునేది, కాగితాన్ని ఎదురుగా మార్చుకునేది. పరీక్షలో అలా మార్చుకోవడం కుదరదు, అక్కడ కాగితం పెట్టే చెక్క ఎడమవైపే బిగించి ఉంటుందట. నేను పక్కకి వెళితే ఆవిడ భుజాలు కాస్త లోపలికి ముడుచుకునేవి. కావాలని చేసింది కాదు. దెబ్బ తిన్న ఒళ్ళు తనంతట తాను చేసిన పని. అది చూశాక నేను అమ్మకి దూరంగా పడుకోవడం మొదలుపెట్టాను.

తాతయ్య వల్ల కూడా నాకు చిరాగ్గా ఉండేది. ఆయన ముందు మెట్టు మీద కూర్చుని ఊరికే అమ్మను పిలిచేవాడు. కాసేపటికి మంచినీళ్ళు కావాలి. ఇంకాసేపటికి కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో చూడాలి. మళ్ళీ కాసేపటికి బయట ఆరేసిన పంచె తీయాలి. అమ్మ చెక్క పక్కన పెట్టి ప్రతిసారీ లేచేది. ఒకసారి నేనే నీళ్ళు తీసుకెళ్ళి ఇస్తే, మీ అమ్మనే తెమ్మని చెప్పు అన్నాడు. ఇంత కష్టంలో ఉన్న మనిషిని ఈ ముసలాయన ఎందుకు సతాయిస్తాడని నాకు ఏడుపొచ్చేది.

బుధవారం అమ్మ ఆఫీసునుంచి పెందలాడే వచ్చి, మంచి చీర కట్టుకుంది. రాబర్ట్‌సన్‌పేటలో ఒకాయన ఉన్నాడు, మెడ రెండు చేతులా పట్టుకుని ఒక్క విసురుతో తిప్పితే టప్పున శబ్దం వచ్చి సరిపోతుంది అని ఆఫీసులో ఎవరో చెప్పారట. నన్ను కూడా రమ్మంది. మేము గడప దాటబోతుంటే తాతయ్య మెట్టు మీదినుంచి లేచి దారికి అడ్డం నిలబడ్డాడు. ఆయన కోడలితో ఎదురుగా నిలబడి మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పాల్సిందేదైనా గోడకి చెప్పినట్టో నాకు చెప్పినట్టో చెప్పేవాడు. ఆ రోజు కూడా తల వంచుకునే ఉన్నాడు కానీ పక్కకి తప్పుకోలేదు.

"వాడి దగ్గరికి పోవద్దమ్మా. అట్ల మెడ తిప్పించుకోని చెయ్యి పడిపోయినోణ్ణి నేను చూసినాను. గనిలో మాతోనే మిషను పట్టినోడు," అన్నాడు.

"ఇంగ నేనేం చేసేది మామా? తల తిరక్కపోతే చేతులుండి ఏం లాభం?" అంది అమ్మ.

"నాకు నాలుగు రోజులియ్యి."

"నాకుండేదే ఆరు రోజులు."

"దాంట్లో నాలుగియ్యి తల్లీ. ఆదివారం సాయంత్రానికి తిరక్కపోతే నేనే దగ్గరుండి తీసుకోని పోతాను."

అమ్మ లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది.

తాతయ్య గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ళు గని లోపల రాయికి రంధ్రాలు వేసే మిషను పట్టాడు. షిఫ్టు అయ్యాక పట్టేసిన భుజాలతో, నడుములతో జనం ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళట. ఎక్కడ ఏ కండ బిగిసిందో ఆయన వేళ్ళకి తెలిసేదట. కానీ ఆ మిషను అదురు ఆయన చేతుల్నే తినేసింది. నాకు తెలిసేనాటికి ఆయన వేళ్ళు చలికాలంలో తెల్లగా పాలిపోయేవి, వేడి గ్లాసు పట్టుకున్నా కాలుతున్నట్టు తెలిసేది కాదు. స్పర్శ పోయిన చేతులతో ఒళ్ళు పట్టకూడదు, అది ఒక సంగతి. మామగారు కోడలి ఒంటి మీద చెయ్యి వేయడం మా ఇళ్ళల్లో లేదు, అది రెండోది. అందుకని ఆ పనికి ఆయనకి నా చేతులు కావలసి వచ్చాయి.

ఆ మాట వినగానే నేను ఇంటి వెనక్కి పారిపోయి, నీళ్ళ తొట్టి చాటున కూర్చున్నాను. తాతయ్య వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. తిట్టలేదు, బుజ్జగించలేదు. గనిలోకి దిగిన ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు తాము ఏం చేసేవాళ్ళో చెప్పాడు. నెత్తి మీద ఉన్న రాతిని ముందు ఇనుప కడ్డీతో చిన్నగా తట్టేవాళ్ళట. గట్టి రాయి గంటలా మోగుతుంది. లోపల బీట పడిన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ పలుకు వినకుండా మిషను ఆనించినవాడికి ఎంత బలం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. "నీకు బలం తక్కువయి మీ అమ్మకు నొప్పి చేయలేదు పాపా. వినక చేసినావు," అన్నాడు.

తర్వాత చొక్కా జార్చి తన భుజం మీద నా చెయ్యి పెట్టించాడు. నొక్కమన్నాడు. నేను నొక్కాను. ఇంకా అన్నాడు, ఇంకా అన్నాడు. ఉన్నట్టుండి, ఇప్పుడేమైందో చెప్పు అన్నాడు. నాకేమీ తెలియలేదు. మళ్ళీ చేయమన్నాడు. నాలుగోసారో ఐదోసారో నాకు తెలిసింది. నా బొటనవేలు ఒక చోట దిగగానే ఆయన ఊపిరి ఆగింది. మొహం మాత్రం మామూలుగానే ఉంది.

"అదే. నోరు అబద్ధం చెప్తాది. ఊపిరి చెప్పదు. ఊపిరి ఆగిన చోట నీ చెయ్యి కూడా ఆగల్ల."

ఆదివారం నాటి చాప కళ్ళ ముందు కదిలింది. అమ్మ చాలమ్మా అనడానికి ముందే ఆవిడ వీపు నా కింద కదలడం మానేసింది. అప్పుడు అది నాకు తెలిసింది కూడా. తెలిసి, లెక్క చేయలేదు.

గురువారం సాయంత్రం మొదలుపెట్టాము. అమ్మ పీట మీద కూర్చుని, ట్రంకు పెట్టె మీద చేతులు మడిచి, వాటి మీద నుదురు ఆనించింది. తాతయ్య గడప మీద వీధివైపు తిరిగి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ముందు ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి, నా చెంప మీద వేడి చూసుకుని, అమ్మ భుజానికి కాపడం పెట్టాను. తర్వాత అరచేతులకి గోరువెచ్చటి నువ్వులనూనె రాసుకుని ఆవిడ భుజాల మీద చేతులు పెట్టాను. పెట్టడమే. నొక్కవద్దని తాతయ్య ముందే చెప్పాడు. నా చేతుల కింద అమ్మ రాయిలా ఉంది. నేను మళ్ళీ ఏం చేస్తానోనని ఆవిడ కాచుకుని ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

"ఎట్లుండాది?" అని తాతయ్య వీధిని అడిగినట్టు అడిగాడు.

ఏమీ కదలడం లేదన్నాను. కదలాల్సింది లేదు, ఊరికే పెట్టి ఉంచు అన్నాడు. వీధిలో రెండో షిఫ్టుకి వెళ్ళేవాళ్ళ బూట్ల చప్పుడు మొదలై, పలచబడి, ఆగిపోయింది. అంతసేపూ నేను అలాగే ఉన్నాను. అప్పుడు నొప్పి ఉన్న చోటికి నేరుగా పోవద్దని, దూరంనుంచి రమ్మని చెప్పాడు. ముందు అరచెయ్యి. అమ్మ బొటనవేలి మొదట్లో కండ చింతగింజంత గట్టిగా తగిలింది. దాన్ని మెల్లగా గుండ్రంగా నిమిరాను. తర్వాత మణికట్టు, మోచేతి కింది కండ, జబ్బ. చెయ్యి పొడవునా కిందినుంచి పైకి. భుజం ముట్టకుండానే ఆ రోజు చాలించమన్నాడు. అంతేనా అని నాకు నీరసం వచ్చింది. కానీ అమ్మ లేచేటప్పుడు ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. అలాంటి ఊపిరి ఆవిడ విడవడం నాలుగు రోజుల తర్వాత అదే మొదటిసారి.

శుక్రవారం భుజం. శనివారం వీపు రెక్క పక్క. తాతయ్య వీధినే చూస్తూ అడిగేవాడు, నా వేళ్ళకి తగిలింది నేను చెప్పేదాన్ని. ఇక్కడ తాడులా ఉంది తాతా. అది పొడవునా ఉందా, ముడిలా ఉందా? ముడిలా ఉంది. ఊపిరి ఎట్లా ఉంది? ఆగింది. అయితే ఆగు. ఇలా సాగేది. వెన్నుపూస మీద వేలు పెట్టవద్దని, గొంతు పక్కకి పోవద్దని, చేతి వేళ్ళకి తిమ్మిరి వస్తే వెంటనే ఆపేసి ఆసుపత్రికి పోవాలని పదేపదే చెప్పేవాడు. అమ్మ ప్రతి రాత్రి పడుకోబోయే ముందు తల ఎడమకి తిప్పి చూసుకునేది. శనివారానికి గోడ మీది క్యాలెండరు అంచు కనబడిందంది. పరీక్షలో కాగితం ఉండే చోటు ఇంకా చాలా దూరం.

ఇంతలో తాతయ్య పాత గుడ్డపేలికలు గోనెసంచిలో కుక్కి ఒక మెత్త కుట్టాడు. వేళ్ళకి సూది గుచ్చుకున్నా తెలియక గోనె మీద అక్కడక్కడా నెత్తురు చుక్కలు పడ్డాయి. అది కుర్చీలో వేసుకుంటే బల్ల ఎత్తుకి సరిపోతుందని, భుజాలు ఎత్తాల్సిన పని ఉండదని చెప్పాడు. గోనెమూట చంకలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళడం అమ్మకి తలవంపుగా అనిపించింది. కానీ తీసుకెళ్ళింది. అక్కడ ఎవరో నవ్వారట కూడా. సాయంత్రం వచ్చాక మాత్రం, ఇవాళ చేతులు పైకి ఎత్తకుండానే బల్లకి సమంగా ఉన్నాయి అని నాతో చెప్పింది, ఆయనకి వినబడేలా.

శనివారం నాడే మంచినీళ్ళ సంగతి తెలిసింది. అమ్మ బయటికి వెళ్ళినప్పుడు నేను కోపం ఆపుకోలేక అడిగేశాను, ఎందుకు ఊరికే లేపుతావని. తాతయ్య తన గని సంగతి చెప్పాడు. మిషను పట్టే రోజుల్లో గంటసేపు కదలకుండా పట్టినవాడు మర్నాడు మంచం దిగేవాడు కాదట. మధ్యమధ్య వదిలి నాలుగడుగులు నడిచినవాడే నిలిచేవాడట. లేచి నడవమని కోడలికి చెప్తే ఆవిడ వినదు, పరీక్ష అంటుంది. మామ నీళ్ళు అడిగితే మాత్రం లేవకుండా ఉండలేదు. "నాకు దాహమైతే నేను పోయి తాక్కోలేనా?" అన్నాడు. నేను సిగ్గుతో నేల చూశాను. నిజానికి ఆయన ఆ నీళ్ళు సగం కూడా తాగేవాడు కాదు, మెట్టు పక్కనున్న కనకాంబరం మొక్కకి పోసేసేవాడు.

ఆదివారం వచ్చింది. ఆయన అడిగిన నాలుగు రోజులూ అయిపోయాయి. మధ్యాహ్నం అమ్మ చెక్క ఎడమ పక్కన నిలబెట్టి, కాగితం పెట్టి చూసింది. సగం దాకా తల తిరిగింది. మిగతా సగానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ కాగితం మడిచి పెట్టె మీద పెట్టి, "మామా, రేపు పొద్దున్నే పోతాను ఆయన దగ్గరికి. మీరు రానక్కర లేదు," అంది. సాయంత్రం తాతయ్య ఎప్పటిలా గడప మీద కూర్చున్నాడు. అమ్మ ఎందుకో కాదనకుండా పీట వేసుకుంది.

నేను వీపు రెక్క పక్కకి చేరేసరికి నేల అదిరింది. లోపల ఎక్కడో రాయి పగిలితే అలా జరిగేది. మా వైపు దాన్ని ఏర్‌బ్లాస్టు అంటారు. రేకులు గడగడలాడాయి, గూట్లో గ్లాసు కింద పడింది. అలాంటివి పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాళ్ళం. అయినా నా చేతుల కింద అమ్మ భుజాలు ఒక్కసారిగా చెవుల దాకా లేచి అక్కడే బిగుసుకుపోయాయి. నా వేళ్ళు తమంతట తాము బిగుసుకోబోయాయి. ఎలాగో వాటిని వదులుగా ఉంచాను. పట్టుకోలేదు, తీసేయలేదు. లైన్లన్నీ ఊపిరి బిగబట్టి ఆసుపత్రి బండి మోత కోసం చెవులు రిక్కించాయి. తాతయ్య లేచి నిలబడ్డాడు. మోత రాలేదు. చాలాసేపటికి ఎవరో వీధిలో, ఎవరికీ ఏమీ కాలేదంట అన్నాక తాతయ్య మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు నాకొకటి తోచింది. ఈ భుజాలు ఇలా లేవడం నాకు కొత్త కాదు. చెక్క ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, పరీక్ష మాట వచ్చినప్పుడు, క్యాలెండరు చూసినప్పుడు అవి ఇలాగే పైకి లేస్తాయి. ఇంత ఎత్తుకి కాదు, అంతే. ఆ మాటే మెల్లిగా చెప్పాను. అమ్మా, నువ్వు భయపడినప్పుడల్లా ఇవి పైకొస్తున్నాయి అన్నాను.

అమ్మ వీపు అదరడం మొదలుపెట్టింది. నాన్న పోయిన రోజు కూడా అమ్మ అందరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు ట్రంకు పెట్టె మీద మొహం పెట్టుకుని, మామగారు గడప మీద ఉండగానే ఏడ్చింది. పరీక్ష తప్పితే మిమ్మల్ని యాడ పెట్టుకునేది మామా, ఈ వయసులో మిమ్మల్ని యాడ వదిలేది, అంటూ ఏడ్చింది. అన్ని రోజులూ ఆవిడ మోస్తున్నది ఉద్యోగం ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది. తాతయ్య వెనక్కి తిరగలేదు. ఆయన మెడ వంగిపోయింది.

"నేను యాడైనా ఉంటానమ్మా. ఆవనికైనా వస్తాను, నీ తమ్ముడు కసురుకున్నా ఉంటాను. నా బరువు నువ్వు ఎత్తుకోవద్దు. దించేయి," అన్నాడు.

ఆ తర్వాత భుజాలు కొంచెం కొంచెంగా దిగాయి. నా బొటనవేలి కింద, రెక్క అంచున, ఆ ముడి మళ్ళీ తగిలింది. నేను ఆగాను. అమ్మ ఊపిరి వచ్చేదాకా ఆగి, ఊపిరి వదిలినప్పుడు మాత్రం ఆనించాను. ఎన్నిసార్లు అలా చేశానో తెలియదు. ఒకసారి అది వేడి తగిలిన వెన్నలా జారి మెత్తబడింది. అమ్మ తల ఎత్తి ఎడమకి తిప్పింది. క్యాలెండరు దాటింది, తలుపు వార దాటింది. పూర్తిగా కాదు. కానీ గడప మీద కూర్చున్న తాతయ్య వీపు కనబడేంత దూరం తిరిగింది.

సోమవారం అమ్మ రాబర్ట్‌సన్‌పేటకి పోలేదు.

మంగళవారం పొద్దున అమ్మ జడ వేసుకుని, గోనెమెత్త చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి పీట మీద కూర్చుంది. "రా, ఒకసారి చేతులు పెట్టిపో," అంది. అన్నాళ్ళూ తాతయ్య చెప్తే కూర్చున్న మనిషి, ఆ రోజు తనంతట తాను నన్ను పిలిచింది. నేను చేతులు పెట్టాను, నొక్కలేదు. ఆవిడ నాలుగు ఊపిర్లు తీసుకుని లేచింది. "ఆ పొద్దు చాలన్నాను కానీ, నేను కూడా గట్టిగా అనలేదులే," అని నా తల నిమిరి వెళ్ళిపోయింది. బడిలో ఆ రోజు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

సాయంత్రం అమ్మ వచ్చి, సగం కాగితం కాగానే మెడలో మళ్ళీ ముల్లు దిగిందని చెప్పింది. అప్పుడు చేతులు ఆపి, భుజాలు దించి, ఒక ఊపిరి వదిలి మళ్ళీ మొదలుపెట్టిందట. ఆ ఒక్క ఊపిరి వల్ల వేగం తప్పిందో నెగ్గిందో తెలియదంది. ఫలితం శుక్రవారం దాకా రాలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. శుక్రవారం అమ్మ మామూలు వేళకే వచ్చింది. కాళ్ళు కడుక్కుని, మెట్టు దగ్గర ఆగి, "మామా, ఖాయమయింది," అంది. తాతయ్య తల ఊపి, కాసిని మంచినీళ్ళు ఇవ్వమ్మా అన్నాడు. ఈసారి గ్లాసు ఖాళీ చేశాడు.

అమ్మ నొప్పి ఆ రోజుతో పోలేదు. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వస్తూ పోతూనే ఉంది. వారానికి రెండు సాయంత్రాలు పీట వేయడం, కాపడం పెట్టడం, ఆవిడ నోరు విప్పి రోజంతా జరిగింది చెప్పడం మా ఇంటి అలవాటుగా మారిపోయింది. గనులు మూతపడ్డాయి, తాతయ్య, అమ్మ ఇద్దరూ కాలం చేశారు, నేను బడిపంతులమ్మగా పనిచేసి ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు మా ఊరి పిల్లలు చీకటితో రైలెక్కి బెంగళూరు పోయి, పొద్దు గూకేదాకా కంప్యూటరు ముందు కూర్చుని వస్తారు. పక్కింటి అమ్మాయి ఆదివారం మెడ పట్టుకుని వస్తే, వేళ్ళకి తిమ్మిరి ఉందా, డాక్టరుకి చూపించావా అని ముందు అడుగుతాను. తర్వాత పీట వేస్తాను.

అయితే ఆ తొమ్మిది రోజులు నాకు నేర్పింది మెడలు పట్టడం ఒక్కటే కాదు. ప్రేమ ఎంత ఉన్నా, వినకుండా వేసిన చెయ్యి నొప్పే చేస్తుంది. బడిలో లెక్క రాక బిగుసుకుపోయిన పిల్లల దగ్గర, భర్త పోయిన స్నేహితురాలి దగ్గర, కోపంతో గది తలుపు వేసుకున్న కొడుకు దగ్గర నేను ఆ సంగతి మళ్ళీ మళ్ళీ మరిచిపోయి, మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. ఈనాటికీ ఎవరి భుజం మీద చెయ్యి వేసినా ముందు ఊరికే ఉంచుతాను. వాళ్ళ ఊపిరి కదిలి నా అరచేతిని తాకేదాకా చూస్తాను. కొందరికి చాలాసేపు పడుతుంది. పట్టనీ అనుకుని ఆగుతాను.